ముల్లు కదలని అయిదు నెలలు

ఈ సంగతి రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. చూడ్డానికి చిన్న విషయమే. బండిలో స్పీడోమీటరు చెడిపోయింది, ఆలస్యంగా బాగుచేసుకున్నాను. కానీ ఆ మధ్యకాలంలో నేను చేసిన పనులు, నాకు నేను చెప్పుకున్న సాకులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నేను అన్నం తినేదే మీటర్లు బాగుచేసి.

మేం న్యూజిలాండ్‌లో హామిల్టన్ ఊరి శివార్లలో ఉంటాం. ఈ వైకాటో ప్రాంతం పాడికి పేరుపడ్డది. ఇక్కడికి దగ్గర్లోనే ఒక పాలపొడి ఫ్యాక్టరీలో నేను ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. పాలు 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు ఉండాలి. ఆ వేడి కాస్త తగ్గిందని సెన్సరు చెప్పిన మరుక్షణం వాల్వు తిరిగిపోయి పాలు వెనక్కి మళ్ళుతాయి. సెన్సరు చచ్చిపోయినా అంతే, పాలు వెనక్కే. మీటరు సరే అనకుండా మా దగ్గర ఒక్క లీటరు కూడా ముందుకు పోదు. ఆ సెన్సర్లను వరసబెట్టి పరీక్షించి, సంతకం పెట్టి, తేదీ వెయ్యడం నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని.

మా బండి 1997 నాటి డీజిలు వ్యాను. ఎనిమిది మంది కూర్చోవచ్చు. జపాన్‌లో వాడి, అక్కణ్ణుంచి ఓడలో వచ్చింది. ఈ దేశంలో సగం బండ్లు అలా వచ్చినవేనా అనిపిస్తుంది, వీధిలో నిలబడి చూస్తే. జపాన్‌లోనూ ఇక్కడిలాగే ఎడమవైపున నడుపుతారు, స్టీరింగు కుడివైపు ఉంటుంది. అందుకని వాళ్ళు వాడి వదిలేసిన బండ్లు ఇక్కడ స్టీరింగు మార్చకుండానే రోడ్డెక్కుతాయి. తాళం తిప్పగానే మా బండిలో ఒక జపాన్ అమ్మాయి గొంతు ఏదో మర్యాదగా చెప్పేది. టోల్ కార్డు పెట్టలేదని చెబుతోందని తరవాత తెలిసింది. అసలు రేడియో 90 మెగాహెర్ట్‌జ్ దగ్గర ఆగిపోయేది, ఎందుకంటే అప్పట్లో జపాన్‌లో ఎఫ్.ఎం. అంతవరకే. స్పీడోమీటరు మీద 180 దాకా అంకెలు. మాకు అమ్మిన పెద్దాయన చేపల వేటకు పడవను ఈ వ్యానుకు కట్టుకుని రాగ్లన్ సముద్రతీరానికి వెళ్ళేవాడట. కార్పెట్టు కింద ఇంకా అక్కడి నల్ల ఇసుక దొరుకుతుంది. ఆ ఉప్పునీళ్ళ మాట నాకు ఆరోజే తెలుసు. గుర్తుపెట్టుకోండి, దాని అవసరం మళ్ళీ వస్తుంది.

2024 మార్చి చివర్లో ముల్లు వణకడం మొదలైంది. 80 మీద నిలబడాల్సింది 60కి పడి మళ్ళీ లేచేది. డాష్‌బోర్డు మీద అరచేత్తో ఒక దెబ్బ వేస్తే కుదురుకునేది. ఫ్యాక్టరీలో ఎవరైనా కుర్రాడు గేజిని అలా కొడితే నేను ఊరుకోను. కొడితే పనిచేస్తోందంటే ఎక్కడో వైరు వదులైందని అర్థం, వెతుకు అని పంపిస్తాను. నా బండి దగ్గరికి వచ్చేసరికి రెండు వారాలు కొడుతూనే కూర్చున్నాను. ఏప్రిల్ మొదటి వారంలో ముల్లు సున్నా మీద పడుకుంది, ఇక లేవలేదు. దాని కింద ఉన్న కిలోమీటర్ల అంకెలు కూడా ఆగిపోయాయి. 2,11,906.

ఇక్కడ ఈ దేశపు రోడ్డు పన్ను గురించి చెప్పాలి. లేకపోతే నా అసలు తప్పు మీకు అర్థం కాదు. పెట్రోలు ధరలోనే రోడ్డు పన్ను కలిసి ఉంటుంది. డీజిలు ధరలో ఉండదు. కాబట్టి డీజిలు బండివాళ్ళు తిరగబోయే దూరానికి ముందే డబ్బు కట్టి చీటీ కొనుక్కోవాలి. 2024లో వెయ్యి కిలోమీటర్లకు 76 డాలర్లు. 2024 ఏప్రిల్ నుంచి కరెంటు కార్లవాళ్ళకూ ఇదే పద్ధతి వచ్చింది. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కట్టామో ఆ అంకెలు చీటీ మీద అచ్చువేసి ఉంటాయి, దాన్ని ముందు అద్దానికి పెట్టుకోవాలి. మా చీటీ 2,14,000 వరకు ఉంది. మీటరు 2,11,906 దగ్గర ఆగింది. అంటే ఆ చీటీ ఇక అయిపోదు.

ఈ లెక్క నా బుర్రలోకి వచ్చిన క్షణం నాకు బాగా గుర్తుంది. పెట్రోలు బంకులో డీజిలు పడుతూ ఉంది, నేను అద్దం మీది చీటీ వంక చూస్తున్నాను. మనసులో ఒక సంతోషం లాంటిది కదిలింది. దొంగతనం చేద్దామని ఎవరైనా చెబితే ఆ మనిషిని ఇంట్లోకి రానివ్వను. ఇక్కడ ఎవరూ ఏమీ చెప్పలేదు, నేనూ ఏమీ చెయ్యలేదు, బండి తనంతట తానే ఆగింది. ఆ తేలిక నాకు నచ్చింది. 'వారంట్' పరీక్ష వచ్చేలోగా చూసుకుందాంలే అనుకున్నాను. 2000కి ముందటి బండ్లకు ఆరు నెలలకోసారి ఆ ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. మాది మార్చి మొదట్లోనే పాసైంది. అంటే సెప్టెంబరు దాకా సమయం ఉంది.

వేగం సంగతి ఫోను చూసుకుంటుందనుకున్నాను. డాష్‌బోర్డు మీద ఫోను బిగించి, ఉపగ్రహాల లెక్కతో వేగం చూపించే యాప్ ఒకటి పెట్టుకున్నాను. పైగా నాకు తెలిసిన విషయం ఒకటి సాకుగా దొరికింది. బండి మీటరు ఎప్పుడూ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 చెబుతుంది. ఎక్కువ చూపించవచ్చు, పదో వంతు మీద మరో నాలుగు కిలోమీటర్ల దాకా. నిజంగా 100లో పోతుంటే మీటరు 114 చూపించినా ఆ నిబంధన ప్రకారం తప్పు కాదు. ఫోను అంతకంటే దగ్గరగా చెబుతుంది. ఇదంతా నిజమే. చదువుకున్నవాడికి తెలివితక్కువ పనికి కూడా ఆధారాలు దొరుకుతాయి. నాకు దొరికినవి అలాంటివే.

ఉగాది కార్యక్రమానికి ఆక్లండ్ వెళ్ళాం. వాటర్‌వ్యూ సొరంగంలోంచి దారి. దాదాపు రెండున్నర కిలోమీటర్లు ఉంటుంది, 2017లో తెరిచారు. లోపల 80 దాటకూడదు. సొరంగంలోకి దిగగానే ఫోనుకు ఆకాశం పోయింది. చివరిసారి చూసిన 83 దగ్గరే అంకె నిలిచిపోయింది. నేను ఆ 83ని నమ్మి కాలు తీశాను. అది మారలేదు, ఇంకా తీశాను. వెనక లారీ హారను కొట్టాకగాని అర్థం కాలేదు, నేను యాభై లోపుకి వచ్చేశానని. మా ఆవిడ పక్క సీట్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది. బయటికి వచ్చాక, "ఏవండీ, ఇది బాగుచేయించండి" అంది. "చేయిస్తా" అన్నాను. చేయించలేదు.

నాన్నగారి విషయం ఇంకా కష్టంగా ఉంటుంది రాయడానికి.

మా నాన్న గుడివాడలో ముప్పై ఏళ్ళు లారీ నడిపాడు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు. ఆదివారం ఫోను చేస్తే పిల్లల గురించి అమ్మ అడుగుతుంది, బండి గురించి నాన్న అడుగుతాడు. డీజిలు ఎంత ఉంది, టైర్లు ఎలా ఉన్నాయి, మీటరు ఎంత తిరిగింది. అంకె వింటే చాలు, ఆ నెలలో మేం ఎక్కడికి వెళ్ళామో, ఎంత కష్టపడుతున్నామో అంచనా వేసుకుంటాడు. ఏప్రిల్‌లో అడిగితే, "రెండు లక్షల పదకొండు వేల తొమ్మిది వందలు" అని చెప్పాను. మే నెలలో మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను.

"పోయిన నెలా అదే చెప్పావు కదరా. బండి తియ్యట్లేదా?"

"పెద్దగా తియ్యట్లేదు నాన్నా."

"మరి డ్యూటీకి?"

"వేరేవాళ్ళ కార్లో వెళ్తున్నా."

కాసేపు మాట్లాడలేదు. "సరే, ఊరికే నిలబెట్టకు. వారానికోసారన్నా స్టార్టు చెయ్యి. బ్యాటరీ దిగిపోద్ది" అన్నాడు. ఆ జాగ్రత్త విని ఫోను పెట్టేశాను. యాభై ఏళ్ళు దాటిన వాణ్ణి, ఒక అంకె కోసం మా నాన్నకు అబద్ధం చెప్పాను. పైగా అది ఆయన జీవితాంతం నిజాయతీగా రాసుకున్న అంకె. ట్రిప్పు షీటులో మీటరు రీడింగు ఒక్క కిలోమీటరు తేడా రాకుండా రాసేవాడు.

జూన్‌లో ఒక ఉదయం జరిగిన సంగతి నన్ను ఇప్పటికీ వదలదు. ఇక్కడ చలికాలం. వైకాటో లోయలో పొగమంచు పట్టిందంటే పది గంటల దాకా విడవదు. డ్యూటీకి వెళ్తున్నాను. పల్లె రోడ్డు, వంద దాకా పోవచ్చు. ఎదురుగా స్కూలు బస్సు ఆగి ఉంది. పిల్లల కోసం ఆగిన స్కూలు బస్సును దాటేటప్పుడు ఏ వైపునుంచి వచ్చే బండి అయినా 20 కిలోమీటర్ల వేగానికి తగ్గాలి. ఈ దేశంలో డ్రైవింగు నేర్చుకునే ప్రతివాడికీ మొదట్లోనే చెప్పే రూలు ఇది. బస్సు వెనకనుంచి పిల్లలు ఒక్కసారిగా రోడ్డు మీదకి వస్తారు కాబట్టి.

నేను బ్రేకు వేశాను. ఫోను చూశాను, 46 అంది. అది వెనకటి అంకె, ఫోను రెండు మూడు సెకన్లు ఆలస్యంగా చెబుతుంది. ఇంకా నొక్కాను. 20కి వచ్చి ఉంటానని అనుకుని బస్సు పక్కనుంచి వెళ్ళాను. బస్సు తోక దగ్గర ఒక ముసలావిడ ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి ఒక చెయ్యి వదిలి, అరచెయ్యి కిందికి పెట్టి రెండుసార్లు ఊపింది. నెమ్మది, నెమ్మది అన్నట్టు. అద్దంలో చూస్తే ఆవిడ ఇంకా నా బండి వెనకే చూస్తోంది. మంచులో ఆవిడా పిల్లలూ కలిసిపోయారు.

ఆరోజు నేను ఎంత వేగంతో దాటానో నాకు తెలియదు. 25 అయి ఉండవచ్చు. 40 అయి ఉండవచ్చు. ఇంతకంటే స్పష్టంగా చెప్పలేను, ఎప్పటికీ చెప్పలేను. ఫ్యాక్టరీలో పాలు ఎంత వేడెక్కాయో డిగ్రీలో పదో వంతుదాకా లెక్కచెప్పే మనిషిని. ఇద్దరు పిల్లల పక్కనుంచి ఎంత వేగంతో వెళ్ళానో చెప్పలేని స్థితి నా చేతులారా తెచ్చుకున్నాను.

అప్పుడైనా బండిని ఇంటి దగ్గర ఆపేశానా అంటే, లేదు. బాగుచెయ్యాలని మాత్రం గట్టిగా నిర్ణయించుకున్నాను. ఆ బాగుచెయ్యడంలోనే నా రెండో అవివేకం ఉంది.

ముల్లు కదలట్లేదు కాబట్టి మీటరు పోయిందనుకున్నాను. పాత బండ్లు విడగొట్టి సామాన్లు అమ్మే యార్డుకు వెళ్ళి, అదే మోడలు వ్యానులోంచి తీసిన మీటరు బోర్డు మొత్తం 140 డాలర్లకు కొన్నాను. ఒక శనివారం ఉదయం స్టీరింగు చుట్టూ ప్లాస్టిక్కు విప్పాను. ఇరవై ఏడేళ్ళ ప్లాస్టిక్కు, ఎండకు బిస్కెట్టులా అయిపోయింది. రెండు కొక్కేలు చేతిలోనే విరిగాయి. పాతది తీసి కొత్తది బిగించి తాళం తిప్పాను. దీపాలన్నీ వెలిగాయి. రోడ్డు మీదకి తీసుకెళ్ళాను. ముల్లు సున్నా మీదే ఉంది.

మీటరు మార్చినా ముల్లు కదలకపోతే తప్పు మీటరులో లేదని పదేళ్ళ పిల్లాడు కూడా చెబుతాడు. నా కళ్ళు మాత్రం ఆ కొత్త బోర్డు మీది కిలోమీటర్ల దగ్గర ఆగాయి. 1,38,412. మా బండి ఒక్కసారిగా డెబ్భై వేల కిలోమీటర్లు తక్కువ తిరిగినదైపోయింది. అమ్మితే ఎంత వస్తుందో ఒక లెక్క కూడా వేసుకున్నాను. రెండు రోజులు దాన్ని అలాగే ఉంచాను.

మా ఆవిడ చూసింది. బండిలో కూర్చుని బెల్టు పెట్టుకుంటూ ఆ అంకె వంక చూసింది. గొంతు పెంచలేదు. "హైదరాబాదులో మనం కొన్న కారు గుర్తుందా?" అంది.

గుర్తులేకపోవడమేమిటి. పెళ్ళయిన కొత్తలో దాచుకున్న డబ్బంతా పెట్టి సెకండ్ హ్యాండ్ కారు కొన్నాం. మీటరు నలభై రెండు వేలు. ఏడాది తిరక్కుండానే ఇంజను పొగ కక్కింది. మెకానిక్కు చూసి, "సార్, మీటరు తిప్పేశారు. ఇది లక్షన్నర దాటిన బండి" అన్నాడు. ఆ కారు అమ్మినవాణ్ణి మేమిద్దరం ఎన్ని తిట్లు తిట్టుకున్నామో. మా ఆవిడ ఇంకేమీ అనలేదు. ఆ సాయంత్రమే 1,38,412 విప్పి అట్టపెట్టెలో పెట్టాను. పాతది మళ్ళీ బిగించాను.

తరవాత గేరుబాక్సు దగ్గరుండే సెన్సరు ఇంటర్నెట్టులో తెప్పించాను. మూడు వారాలకు వచ్చింది. ప్లగ్గు ఆకారం వేరు. అది కూడా పెట్టెలోకి పోయింది. ఈ గొడవలన్నిటి మధ్యా బండి తిరుగుతూనే ఉంది. సెప్టెంబరు మొదట్లో వారంట్ పరీక్షకు తీసుకెళ్తే, పరీక్షించిన కుర్రాడు కాగితం మీద ఒకే ఒక్క గీత గీశాడు. స్పీడోమీటరు పనిచెయ్యడం లేదు. ఫెయిల్.

అక్కణ్ణుంచి తిన్నగా నాకు తెలిసిన ఒక ముసలి మెకానిక్కు దగ్గరికి వెళ్ళాను. ఫిజీ నుంచి వచ్చిన మనిషి. 1903 తరవాత మద్రాసు రేవు నుంచి ఫిజీ చెరకు తోటలకు ఓడల్లో తీసుకుపోయిన కూలీల్లో ఆయన తాతగారి నాన్న ఒకరు. పాత కాగితంలో విశాఖపట్నం జిల్లా అని రాసి ఉందట. తెలుగు మాటలు రెండో మూడో వచ్చు, మిగతాదంతా ఫిజీ హిందీ. నేను మీటరు కొన్న కథ, సెన్సరు తెప్పించిన కథ అంతా చెప్పాను. ఆయన చేతులు గుడ్డతో తుడుచుకుంటూ విని, ఒక్క మాట అడిగాడు.

"వైరు చూశావా భాయ్?"

చూడలేదు. అయిదు నెలల్లో ఒక్కసారి కూడా మల్టీమీటరు బయటికి తియ్యలేదు. ఆ మల్టీమీటరు నా బ్యాగులో రోజూ ఆ బండిలోనే ఫ్యాక్టరీకి వచ్చి వెళ్తోంది.

ఇంటికి వస్తుంటే విజయవాడ ఆటోనగర్ గుర్తొచ్చింది. నాకు పదేళ్ళప్పుడు నాన్న లారీలో మీటరు ఆగిపోతే అక్కడికి తీసుకెళ్ళాడు. అప్పట్లో గేరుబాక్సు నుంచి మీటరు దాకా ఒక కేబులు ఉండేది. పైన నల్లటి గొట్టం, లోపల తీగ గిరగిరా తిరుగుతుంది. ఆ తీగ మీటరులో ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతం ఎదురుగా అల్యూమినియం గిన్నె, దానికి ముల్లు. రెండూ ఒకదాన్నొకటి తాకవు. అల్యూమినియం అయస్కాంతానికి అతుక్కోదు కూడా. అయినా అయస్కాంతం తిరుగుతుంటే గిన్నెలో కరెంటు సుడులు పుట్టి, అది కూడా దాని వెంట తిరగబోతుంది. సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఆ రెండిటి పెనుగులాటలో ముల్లు ఎక్కడ నిలబడితే అదే వేగం. 1902లో జర్మనీలో ఓటో షుల్జె అనే ఆయన పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. దశాబ్దాల పాటు లోకంలో చాలా బండ్లు దీనిమీదే నడిచాయి. ఇంత అందమైన యంత్రాలు తక్కువ, నా దృష్టిలో.

ఆటోనగర్ మెకానిక్కుకు ఇవేమీ తెలియనక్కర్లేదు. అతను గేరుబాక్సు వైపు కేబులు ఊడదీసి, లోపలి తీగను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని చుట్టాడు. "చూడు బాబూ, కదిలిందా?" అని నన్నే అడిగాడు. నేను క్యాబిన్‌లో కూర్చుని ముల్లు వంక చూస్తున్నాను. కదల్లేదు. అప్పుడు పైకి వచ్చి మీటరు వెనక కేబులు విప్పి, అక్కడి చిన్న చదరపు రంధ్రంలో తీగముక్క పెట్టి తిప్పాడు. ముల్లు ఉలిక్కిపడి లేచింది. "మీటరు బతికే ఉందన్నా. కేబులే తెగింది" అన్నాడు నాన్నతో. అయిదు నిమిషాల పని. కేబులు మార్చి పంపించాడు. నేను ఈ వృత్తిలోకి రావడానికి ఆ ఉలిక్కిపడిన ముల్లు కూడా ఒక కారణం. అదే నేను మరచిపోయాను.

ఆ శనివారం బండిని పద్ధతిగా ఎత్తాను. ముందు చక్రాలకు దిమ్మలు, వెనక ఒక చక్రం లేపి కింద స్టాండు, గేరు న్యూట్రల్. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కింద ఎవరూ పడుకోకండి. గేరుబాక్సు తోక దగ్గర బొటనవేలంత సెన్సరు, దానికి మూడు వైర్ల ప్లగ్గు. ఒకటి కరెంటు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నలు. జపాన్ బండ్లలో గంటకు 60 కిలోమీటర్ల వేగానికి మీటరు కేబులు నిమిషానికి 637 చుట్లు తిరగాలని లెక్క. కేబులు పోయి సెన్సర్లు వచ్చినా ఆ లెక్కే ఉంచుకున్నారు. సెన్సరు చుట్టుకు నాలుగు సార్లు కొట్టుకుంటుంది, అంటే కిలోమీటరుకు 2,548 సార్లు. ఆ నాడిని లెక్కపెట్టి మీటరు వేగమూ దూరమూ రెండూ చెబుతుంది. అందుకే రెండూ ఒకేసారి ఆగాయి. ఆ ఒక్క సంగతి ఏప్రిల్‌లోనే నాకు చెప్పి ఉండాలి, తప్పు మీటరులో కాదు, దానికి వచ్చే నాడిలో ఉందని.

ప్లగ్గు ఊడదీశాను. తాళం ఆన్ చేసి మల్టీమీటరు పెట్టాను. కరెంటు పిన్నుకీ బండి ఇనుముకీ మధ్య 12.4 వోల్టులు. బాగుంది. అదే కరెంటు పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య పెడితే అంకె నిలవలేదు. నాలుగు, సున్నా, ఆరు, మళ్ళీ సున్నా. టార్చి వేసి ప్లగ్గు లోపలికి చూశాను. రెండు పిన్నులు ఇత్తడి రంగులో మెరుస్తున్నాయి. మూడోది ఆకుపచ్చగా, పాచి పట్టిన బావిగట్టు రాయిలా ఉంది. రాగ్లన్ సముద్రపు ఉప్పు అది. సూదితో తాకితే పొడి రాలింది. దాని వెనక వైరు కూడా రెండు అంగుళాల మేర నల్లబడిపోయింది.

నల్లబడ్డ వైరు కత్తిరించి, కొత్త ముక్క కలిపి, కొత్త పిన్ను నొక్కాను. మిగతా రెండిటికీ కాంటాక్టు క్లీనరు కొట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. నీళ్ళు చేరకుండా గ్రీజు పెట్టి మూశాను. మొత్తం ఇరవై అయిదు నిమిషాలు. క్లీనరు డబ్బాకు 14 డాలర్లు. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ సిగ్నలు వైరు మీద వోల్టులు చూశాను. చక్రం ఒక చుట్టు తిరిగేలోగా రెండు మూడు సార్లు పడి లేచింది. నేను బండి కింద పడుకుని ఆ పడి లేవడాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

రోడ్డెక్కాక ముల్లు 20 దగ్గరికి లేచింది, 30, 50. నేను 20కి తగ్గించి ఆ వీధి చివరిదాకా 20లోనే నడిపాను. అంత నెమ్మదా అనిపించింది. ఆరోజు బస్సు పక్కన నేను వెళ్ళింది 20 కాదని అప్పుడే నాకు రూఢి అయింది. కిలోమీటర్ల గదిలో చివరి 6 మెల్లగా పైకి జరుగుతూ ఉంది. కింద 7 నెత్తి కనపడింది. సగం 6, సగం 7. తరవాత పూర్తిగా 7.

మీటరు లెక్కపెట్టని దూరం ఎంతో తేల్చాల్సి వచ్చింది. బ్యాంకు ఖాతా చూసి, ఆ అయిదు నెలల్లో పోయించిన డీజిలు లెక్కగట్టాను. 581 లీటర్లు. మీటరు బాగయ్యాక రెండుసార్లు ట్యాంకు నిండా పోయించి కొలిస్తే బండి లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తోంది. అంటే 5,810 కిలోమీటర్లు. రోడ్డు ఛార్జీల వాళ్ళకు ఈ లెక్కంతా రాసి, మీటరు ఎప్పుడు ఆగిందో ఎప్పుడు కదిలిందో చెప్పి, ఆరు వేల కిలోమీటర్లకు 456 డాలర్లు కట్టాను. ఇంజను ఆయిలు దింపితే తారులా ఉంది. మార్చాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయింది, మీటరు కదిలితేగా తెలిసేది.

ఆ తరవాతి ఆదివారం నాన్నకు అంతా చెప్పాను. వేరేవాళ్ళ కార్లో వెళ్ళడం అబద్ధమని కూడా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లైను తెగిందేమో అనుకున్నాను. "ఆయిలు మార్చావా?" అన్నాడు చివరికి. మార్చానన్నాను. "ఇప్పుడెంత ఉంది మీటరు?" అని అడిగాడు. చెప్పాను. రాసుకుంటున్నట్టు ఒక్కో అంకె తిరిగి పలికాడు.

మీలో ఎవరి బండిలోనైనా ముల్లు ఆగిపోయి ఉంటే, మీటరు కొనకండి, సెన్సరు కొనకండి. ముందు ప్లగ్గు విప్పి వైరు చూడండి. ఈ వారమే చూడండి. స్కూలు బస్సు పక్కనుంచి ఎంత వేగంతో వెళ్ళారో మీరు చెప్పగలిగేలా ఉండండి.

డ్రైవరు తలుపు తీస్తే పక్కన ఒక చీటీ అంటించి ఉంటుంది, చెరిగిపోని ఇంకుతో రాసింది: "మీటరుకు 5,810 కలుపుకోవాలి." సర్వీసు పుస్తకంలోనూ అదే రాశాను. రేపు ఎవరు కొన్నా ముందు ఆ చీటీ చూపించే అమ్ముతాను. ఈ ఉదయం మీటరు 2,19,340 ఉంది. చీటీలోది కలిపితే 2,25,150.